నలభై ఒక్కరిలో ఇరవై ఒకటి

మా కాలేజీకి ఫస్టు వచ్చినవాళ్లంటే ప్రాణం. బస్టాండులో ఒకటి, రైల్వే గేటు దగ్గర ఒకటి, చేపల బజారు మొగలో ఒకటి, ఊరినిండా వాళ్ల ఫ్లెక్సీలే. ఎనిమిదేళ్ల కిందట యూనివర్సిటీ ఫస్టు వచ్చిన అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. అయినా మా ఫ్లెక్సీలో ఆమె రెండు జడలతో నవ్వుతూనే ఉంటుంది. నడిమధ్యన పాసైనవాళ్ల పేర్లు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడవు, అది కూడా ఫీజు కట్టినన్నాళ్లే. అలాంటి కాలేజీ ఒక నడిమి పిల్ల కోసం ఏడాది పాటు నిద్రాహారాలు మానుకుంది. ఆ కథ చెప్పడానికి నాకంటే తగినవాడు లేడు. అగ్గిపుల్ల గీసింది నేనే.

నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. మా దగ్గర బీబీఏలో క్వాంటిటేటివ్ బిజినెస్ అని ఒక కోర్సు ఉంది. ఊళ్లోవాళ్లు దాన్ని లెక్కల బీబీఏ అంటారు. అరవై సీట్లు, సీటుకు ఏడాదికి అరవై వేలు. వ్యాపారాన్ని అంకెల్లో ఎలా చూడాలో నేర్పుతాం. పిల్లలు ఆ విద్య నేర్చుకోవడానికి బ్యాంకులో అప్పు చేస్తారు. అప్పు తీర్చడానికి ఆ విద్య సరిపోతుందా అన్న లెక్క మాత్రం సిలబస్‌లో లేదు. లేని లెక్కను ఉన్నట్టుండి పైనుంచి పంపించారు.

పంపింది సార్థక విద్యా మండలి. జూన్ రెండో వారంలో వచ్చిన ఆ ఉత్తర్వును మా ప్రిన్సిపాల్ భాష్యకారాచార్యులు గారు స్టాఫ్ మీటింగులో నిలబడి చదివారు. ఆయన తెలుగులో డాక్టరేటు. వ్యాపార కాలేజీకి ప్రిన్సిపాల్ ఎలా అయ్యారని అడగకూడదు. గొంతు బాగుంటుంది.

"ఉత్తీర్ణులైన అభ్యర్థులను నెలసరి ఆదాయపు ఆరోహణ క్రమమున అమర్చి, సరిగ్గా మధ్య స్థానమునందలి అభ్యర్థి యొక్క వార్షికాదాయము సదరు అభ్యర్థి యొక్క విద్యా రుణము కంటె అధికమైనచో కోర్సు సార్థకమనియు, కానిచో నిరర్థకమనియు నిర్ధారించి, నిరర్థక కోర్సును రద్దు పరచవలెను. ఈ తులనము మూడు సంవత్సరముల పాటు ప్రతి మూడు మాసములకు జరుగును."

మా కరస్పాండెంటు సన్యాసిరావు గారికి ఈ కాలేజీ కాక ఒక రైసు మిల్లు, ఒక కళ్యాణమండపం ఉన్నాయి. ఆయనకు ఉత్తర్వులంటే భయం లేదు. "మన రిత్విక్‌కి నెలకి లచ్చ కదేటి. ఆడి పేరు రాసి పంపీండి" అన్నారు.

రిత్విక్ ఆయన కొడుకు. మొదటి బ్యాచ్‌లో ఈ కోర్సు నలభై ఒక్కమంది పాసైతే అందులో ఒకడు. పాసైన మర్నాడే కాలేజీకి డైరెక్టర్ (విజన్) అయ్యాడు. పదకొండింటికి వచ్చి ఏసీ గదిలో కూర్చుని, భోజనం చేసి వెళతాడు. లక్ష జీతం అంటే తండ్రి ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకునే లక్ష.

అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. చదువు చెప్పేవాడి దురద ఊరుకోనివ్వదు. నేను లేచి, లక్ష సంపాదించేవాడు ఈ లెక్కకు పనికిరాడని, కోటి సంపాదించినా పనికిరాడని, మధ్యలో నిలబడినవాడు ఒక్కడే కావాలని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. టేబుల్ మీద నలభై ఒక్క సుద్దముక్కలు వరసగా పేర్చి, ఇటు ఇరవై, అటు ఇరవై లెక్కపెట్టి, నడిమి ముక్కను వేలితో తాకి చూపించాను.

"శిఖరము కాదు, మధ్యమణి కావలెనన్నమాట" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"అయితే ఆ మజ్జనున్నోడెవడు?" అన్నారు సన్యాసిరావు గారు.

మూడేళ్లు పాఠం చెప్పిన పదిమంది అధ్యాపకులం అక్కడున్నాం, ఎవరికీ తెలియదు. మొదటి ముగ్గురి పేర్లు అందరికీ నోటికి వచ్చు. చివరి ముగ్గురివి కూడా వచ్చు, వాళ్లు క్యాంటీను అద్దం పగలగొట్టారు. మధ్యలో ఎవరున్నారో తెలుసుకోవడానికి నలభై ఒక్కమందికీ ఫోన్లు చేసి జీతమెంత, అప్పెంత అని అడగాల్సి వచ్చింది. పదకొండు మందికి ఆదాయం సున్నా. వాళ్లలో ఎనిమిది మంది గ్రూప్స్‌కి చదువుతున్నారు. అంటే ఆ సున్నాలు ఇప్పట్లో కదలవు. వరస పేర్చగా ఇరవై ఒకటో స్థానంలో తేలిన పేరు కర్రి నూకరత్నం. నెలకు పద్నాలుగు వేలు, అంటే ఏడాదికి లక్షా అరవై ఎనిమిది వేలు. అప్పు లక్షా యాభై రెండు వేలు. పదహారు వేలతో గట్టెక్కాం.

అసలు సంగతి ఆమెకు అటూ ఇటూ ఉంది. ఇరవయ్యో అబ్బాయి జీతం పదమూడున్నర వేలు, అప్పు రెండు లక్షల నలభై వేలు. ఇరవై రెండో అబ్బాయిది పద్నాలుగున్నర వేలు, హాస్టలు ఖర్చుతో కలిపి అప్పు మూడు లక్షల పదివేలు. రత్నం ఒక మెట్టు ఎక్కితే ఇరవై రెండోవాడు నడిమికి వస్తాడు, కోర్సు పోతుంది. ఒక మెట్టు దిగితే ఇరవయ్యోవాడు వస్తాడు, అప్పుడూ పోతుంది. ఆ పిల్ల అడకత్తెరలో పోకచెక్కలా కదలకుండా ఉండాలి. మూడేళ్లు.

ఆమెను చూసి రమ్మని నన్ను పంపారు. రత్నం బెల్లం మండీలో వరహాలు షావుకారి దగ్గర గుమస్తా. నేను వెళ్లేసరికి దిమ్మలు తూకానికి ఎక్కుతున్నాయి, ఆమె ఒక చేత్తో ఈగలు తోలుకుంటూ ఇంకో చేత్తో చీటీలు రాస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"మీరేటి మాస్టారూ, ఇలాగొచ్చీసారు? నా సర్టిఫికెట్టు తెచ్చారేటి?"

ఆమె అసలు సర్టిఫికెట్టు మా ఆఫీసు బీరువాలోనే ఉండిపోయింది. లైబ్రరీకి పుస్తకం బాకీ ఉందని నో డ్యూస్ ఇవ్వలేదు. బిజినెస్ స్టాటిస్టిక్స్, రెండో సంపుటం, మూడు వందల ఎనభై రూపాయలు. తాను ఆ పుస్తకం ముట్టుకోనైనా లేదని, తీసుకోని పుస్తకానికి డబ్బు ఎందుకు కట్టాలని రత్నం వాదన. మాటల్లో జీతం పద్నాలుగు వేలేనని ఖాయం చేసుకున్నాను. నా జీతం కంటే వెయ్యి ఎక్కువ. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

పుస్తకం సంగతి ఆ సాయంత్రమే తేలిపోయింది. అధ్యాపకుడికి లైబ్రరీలో రెండే పుస్తకాలు ఇస్తారు. మూడోది కావాలంటే కార్డుల పెట్టెలో పైన ఏ విద్యార్థి కార్డు ఉంటే దానిమీద రాయించుకుపోవడం మా కాలేజీలో రివాజు. రెండో సంపుటం మా ఇంట్లో, మా ఆవిడ కుట్టుమిషను కాలు కింద ఎత్తుకు ఉంది. మర్నాడు పట్టుకెళ్లి ఇచ్చేద్దామనే అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే సన్యాసిరావు గారు, "ఆ పుస్తకం దొరకనంతకాలం పిల్ల ఎక్కడికీ ఎల్లదు కదా" అని ఆఫీసు గుమస్తాతో అంటూ కనిపించారు. నేను నోరు మూసుకున్నాను. మూయకూడని చోట మూయడం కూడా నాకు బాగా వచ్చు.

మొదటి తులనానికి ముందు రత్నానికి సన్మానం చేశాం. ఊళ్లో పాత ఫ్లెక్సీలు దించి కొత్తవి కట్టారు. రత్నం ఫొటో, కింద "41లో 21! 21! 21!" అని మూడుసార్లు. అదే మాట అంటూ మైకు కట్టిన ఆటో మూడు రోజులు తిరిగింది. జనం ఇది లాటరీ నంబరనుకుని ఆటోవాణ్ణి ఆపి అడిగారట. సభలో ప్రిన్సిపాల్ గారు ముప్పావుగంట మాట్లాడారు. శిఖరం మీద నీరు నిలవదని, పాతాళంలో ఎండ పడదని, పైరు పండేది నడిమి నేలలోనేనని, అందువల్ల విద్యార్థులంతా పైకి పోవాలన్న దురాశ, కిందపడతామన్న భయం రెండూ విడిచి నూకరత్నాన్ని ఆదర్శంగా తీసుకోవాలని చెప్పారు. శాలువా కప్పారు. మాట్లాడమని మైకు ఇస్తే రత్నం ఒకే వాక్యం మాట్లాడింది.

"నా సర్టిఫికెట్టు ఇచ్చీండి సార్."

చప్పట్లు మిన్నుముట్టాయి. మొదటి వరసలో నేనూ కొట్టాను.

మండలి తరఫున వచ్చిన పరిశీలకుడు దక్షిణామూర్తి గారు సన్నగా, ఇస్త్రీ మడత చెడకుండా ఉంటారు. ఆయన రత్నాన్ని ప్రత్యక్షముగా చూసి, జీతం చీటీని, బ్యాంకు కాగితాన్ని పక్కపక్కన పెట్టి, "సార్థకము" అని ఎర్రసిరాతో రాసి సంతకం చేశారు. ఆ ఎర్రసిరా చూశాక సన్యాసిరావు గారికి కొత్త ఊపు వచ్చింది. ప్లేస్‌మెంట్ సెల్ బోర్డు తీయించి, "మధ్యస్థ పరిరక్షణ విభాగము" అని రాయించారు. దానికి నన్ను ఇన్‌చార్జి చేశారు. అదనపు బాధ్యత, అదనపు జీతం లేదు. ప్రతి నెలా ఒకటో తారీకున నలభై ఒక్కమందికీ ఫోను చేసి, ఎవరైనా ఉన్నచోటు నుంచి కదిలారేమో కనిపెట్టడం నా పని.

రెండో తులనానికి ఇరవై రోజులుందనగా సింహాద్రి తండ్రి స్వీట్ల డబ్బాతో వచ్చాడు. సింహాద్రి సున్నా ఆదాయం పదకొండు మందిలో ఒకడు. తనంతట తానే తిరిగి తిరిగి హైదరాబాదులో ఇరవై రెండు వేల ఉద్యోగం సంపాదించుకున్నాడు. ఆ పెద్దమనిషి కళ్లనీళ్లు పెట్టుకుని, అంతా మీ కాలేజీ చలవేనని సన్యాసిరావు గారి నోట్లో లడ్డూ పెట్టాడు. సన్యాసిరావు గారు మింగలేక, కక్కలేక నావైపు చూశారు. కిందివాడొకడు పైకి పోయాడు గనక రత్నం ఇరవయ్యో స్థానానికి జారింది. మూడు లక్షల పదివేల అప్పువాడు నడిమికి వచ్చేశాడు.

"ఈ వినాశము ఎవని వలన సంభవించినది?" అని ప్రిన్సిపాల్ గారు అడిగారు.

ఉద్యోగం వల్లనే అన్నాను. ఇక చేయగలిగింది ఒకటే, పైవాడినొకణ్ణి కిందికి దించాలి. జాబితా తిరగేయగా లోకనాథం అనే కుర్రాడు తేలాడు. ఫైనాన్సు కంపెనీలో పంతొమ్మిది వేలు, బకాయిదారుల ఇళ్ల చుట్టూ తిరిగే పని. చదువుకునే రోజుల్లో డిప్యూటీ కలెక్టరు కావాలని ఉండేదట. మేము వెళ్లి ఆ నిప్పు రాజేశాం. గ్రూప్స్ కోచింగు ఫీజు, మెస్సు ఖర్చు కాలేజీ పెట్టుకుంటుందని, ఎన్నేళ్లు చదివినా అడగమని, పాసవ్వాలన్న తొందర ఏమాత్రం లేదని సన్యాసిరావు గారు మాట ఇచ్చారు. లోకనాథం ఆయన కాళ్లకు దండం పెట్టి ఆ వారంలోనే రాజీనామా చేశాడు. రత్నం తిరిగి ఇరవై ఒకటో స్థానానికి వచ్చింది. దక్షిణామూర్తి గారు రెండోసారి "సార్థకము" అని రాశారు.

ఆ తర్వాత షావుకారు వంతు. రత్నం ఖాళీ దొరికినప్పుడు మూడేళ్ల చీటీలు ముందేసుకుని, ఏ నెలలో ఏ వారం బెల్లం రేటు పడుతుందో, ఎప్పుడు లేస్తుందో ఒక పట్టిక వేసింది. నేను క్లాసులో చెప్పిన పద్ధతే. నేను చెప్పినప్పుడు అది దేనికి పనికొస్తుందో నాకూ తెలియదు. ఆ పట్టిక చూసి వరహాలు షావుకారు రెండు వారాలు సరుకు ఆపి అమ్మి బాగా లాభం చేసుకున్నాడు. సంతోషంతో ఆమె జీతం పద్దెనిమిది వేలు చేస్తానన్నాడు. నేను పరిగెత్తాను.

షావుకారు నా మాట పూర్తిగా విని, తలపాగా తీసి, మళ్లీ చుట్టుకున్నాడు. "నలభయ్యేళ్లయి యాపారం సేస్తన్నాను మాస్టారూ. జీతం పెంచమని అడిగినోళ్లని సూసాను, పెంచొద్దని బతిమాలినోడివి నువ్వే. దానికి సదువు సెప్పింది నువ్వు కాదేటి?"

అవునని తల ఊపాను. చివరికి మధ్యేమార్గంగా, పెంచిన జీతానికి బదులు నెలకు కొన్ని దిమ్మలు ఇస్తానన్నాడు. బెల్లం ఆదాయం కిందికి వస్తుందా రాదా అని ప్రిన్సిపాల్ గారు రెండు రోజులు ఆలోచించి, "బెల్లము ఆహారమే గాని ఆదాయము కాదు" అని రాతపూర్వకంగా తేల్చారు. రత్నం ఇంట్లో దిమ్మలు దూలాల దాకా పేరుకున్నాయి. వాళ్లమ్మ చీమలతో వేగలేక నన్ను శాపనార్థాలు పెడుతోందని తెలిసింది. మూడో తులనం కూడా గట్టెక్కింది.

ఇన్ని చేసినవాళ్లం రత్నం తనంతట తాను ఏదైనా చేసుకుంటుందేమోనని మాత్రం అనుకోలేదు. మార్చి నెలలో, నాలుగో తులనం నాడు పొద్దున్నే ఆమె కాలేజీకి వచ్చింది. విశాఖలో ఓడల సరుకు చూసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ముప్పై రెండు వేలు. ఆ బెల్లం పట్టికే చూపించి ఇంటర్వ్యూ నెగ్గిందట. శుక్రవారంలోగా అసలు సర్టిఫికెట్టు చూపించాలి, లేకపోతే జాబితాలో తర్వాతివాణ్ణి పిలుస్తారు. అప్పటికి బుధవారం.

ఈసారి ఆమె వాదించలేదు. మూడు వందల ఎనభై రూపాయలు తీసి కౌంటరు మీద పెట్టింది. గుమస్తా ముట్టుకోలేదు. ఆ పుస్తకం ముద్రణ ఆగిపోయిందని, డబ్బు పనికిరాదని, పుస్తకమే కావాలని చెప్పమని సన్యాసిరావు గారు అన్నారట. రత్నం వరండాలో బల్ల మీద కూర్చుంది. క్లాసుకు పోతున్న నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుంది.

"మాస్టారూ, ఆ పుస్తకం ఎక్కడుందో మీకు తెల్దా?"

తెలియదన్నాను. అని క్లాసులోకి పోయి సుద్దముక్క పట్టుకున్నాను. ఆ పిల్ల మూడేళ్లు నా ఎదుట మూడో బెంచీలో కూర్చుంది. నేను చెప్పిన పాఠం వంటబట్టిన మనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్లలకు ఏదో లెక్క ఇచ్చి, సైకిలెక్కి ఇంటికి పోయి, కుట్టుమిషను కింద నుంచి పుస్తకం లాగాను. మిషను ఊగుతోంది, జాకెట్టు వంకర పోతోందని మా ఆవిడ కేకలు వేస్తుంటే ఆ స్థానంలో మా పెళ్లి ఆల్బం పెట్టి వచ్చాను.

నేను తిరిగి వచ్చేసరికి దక్షిణామూర్తి గారు ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని ఉన్నారు. సన్యాసిరావు గారు, రిత్విక్ కూడా ఉన్నారు. ఎప్పటిలాగే టేబుల్ మీద జీడిపప్పు, కొబ్బరిబొండం.

"నియమావళి ననుసరించి మధ్యస్థురాలు ప్రత్యక్షముగా హాజరు కావలెను. ఎక్కడ?" అన్నారు పరిశీలకులు.

రత్నం లోపలికి వచ్చి నిలబడింది. "సోమవారం నించి నేను మజ్జనుండనండి. ఇశాపట్నంలో ఉద్యోగం. ముప్పై రెండు వేలు."

దక్షిణామూర్తి గారు ఎర్ర కలం మూత పెట్టి, వేరే కలం తీశారు. "అట్లయిన యెడల మూడు లక్షల పది వేల రుణము గల అభ్యర్థి మధ్యమునకు వచ్చును. కోర్సు నిరర్థకము."

సన్యాసిరావు గారు రత్నాన్ని కసిరారు, వెంటనే బతిమాలారు, మళ్లీ కసిరారు. కాలేజీ అన్నం తిన్నావు, పరువు తీస్తావా అన్నారు. కాలేజీలో తానెప్పుడూ అన్నం తినలేదని, క్యారేజీ తెచ్చుకునేదాన్నని రత్నం చెప్పింది. సర్టిఫికెట్టు లేకుండా ఎలా వెళ్తావో చూస్తానని ఆయన అన్నారు. అప్పుడు రత్నం బోర్డు దగ్గరున్న సుద్దముక్కల డబ్బా తెచ్చి టేబుల్ మీద బోర్లించింది. జీడిపప్పు పళ్లెం పక్కకు జరిపి, నలభై ఒకటి లెక్కపెట్టి పేర్చింది.

"ఇది నేను. నేను పైకెల్లిపోతన్నాను. ఇక్కడ కాళీ వచ్చింది. కిందోణ్ణి తెచ్చి ఇక్కడ పెడితే పని జరగదు, లెక్క పైకే జరుగుతాది. పైనున్నోడే దిగాలి. జీతం పదమూడున్నరకీ పద్నాలుగున్నరకీ మజ్జన ఉండాలి. అప్పు తక్కువుండాలి." ఆమె పైవరసలో ఒక్కొక్క ముక్కనే తాకుతూ పోయింది. "ఈళ్లందర్నీ అడిగాను, అందరికీ రెండు లచ్చలకి పైనే అప్పుంది. అప్పు లేనోడు ఒక్కడే."

ఆమె వేలు చిట్టచివరి ముక్క మీద ఆగింది. నలభై ఒకటోది. గదిలో అందరం రిత్విక్ వైపు చూశాం. రిత్విక్ ఫోన్లోంచి తల ఎత్తి, ఏమైందని అడిగాడు.

కాగితం మీద వాడి జీతం లక్ష నుంచి పద్నాలుగు వేలకు తగ్గించి పారేద్దామని సన్యాసిరావు గారు చటుక్కున అన్నారు. దక్షిణామూర్తి గారు ఒప్పుకోలేదు. "ఒకే సంస్థయందు అట్టి తగ్గింపు అవకతవకగా భావింపబడును. అన్య సంస్థయందు నూతనముగా చేరినచో అది సహజ పరిణామము. అభ్యంతరము కనబడుట లేదు."

"మా షావుకారికి రేపట్నించి గుమస్తా కావాలండి" అంది రత్నం. "పద్నాలుగు వేలు. పొద్దున్న ఆరింటికి మండీలో ఉండాల. ఊరికే జీతమిచ్చే మనిషి కాడు."

సన్యాసిరావు గారు కళ్లు మూసుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. జపం కాదు, అరవై సీట్లను అరవై వేలతో గుణిస్తున్నారు. ఏడాదికి ముప్పై ఆరు లక్షలు వచ్చాక కళ్లు తెరిచి, కొడుకును చూసి నిట్టూర్చారు.

"లేవరా. సెప్పులు మార్చుకో. అక్కడ బెల్లం అంటుకుంటాది."

లెక్క కుదిరింది. ఓడిపోయిన మనిషికి ఇంకా ఒక కొక్కెం మిగిలింది కాబోలు, ఆయన వెళ్లబోతున్న రత్నాన్ని ఆపి, "పుస్తకం మాటేటి?" అన్నారు. నేను సంచీలోంచి రెండో సంపుటం తీసి టేబుల్ మీద పెట్టాను. అట్ట మధ్యలో మిషను కాలు దిగిన గుండ్రటి గుంట ఉంది. రత్నం పుస్తకం తెరిచి, వెనక అట్టకు అంటించిన చీటీ మీద తన కార్డు నంబరు చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆమె తిడితే బాగుండేది.

"ఎవరో సదువుకుంటన్నారులే అనుకునేదాన్ని మాస్టారూ" అంది.

గుమస్తా బీరువా తెరిచి సర్టిఫికెట్టు ఇచ్చాడు. రత్నం దాన్ని రెండు వైపులా చూసి, కొంగుతో దుమ్ము తుడిచి, పన్నెండున్నర బస్సుకు వెళ్లిపోయింది. దక్షిణామూర్తి గారు ఎర్ర కలం తీసి, "సార్థకము, రేపటి చేరికకు లోబడి" అని రాశారు.

ఇప్పుడు ఊళ్లో ఫ్లెక్సీలు మళ్లీ మారాయి. రిత్విక్ నల్ల కళ్లద్దాలతో, వెనక బెల్లం దిమ్మలతో, "41లో 21! 21! 21!" అని ఉంది. ప్రిన్సిపాల్ గారు కొత్త ఉపన్యాసం తయారు చేశారు. నేను వారానికోసారి మండీకి వెళ్లి కుర్చీలో మనిషి ఉన్నాడో లేదో చూసి వస్తున్నాను. ఉంటున్నాడు. మొదటి వారం ఏడ్చాడట గానీ, ఇప్పుడు చీటీలు చక్కగా రాస్తున్నాడని, పండక్కి జీతం పెంచుతానని షావుకారు అంటున్నాడు. మళ్లీ బతిమాలాలి.

నిన్న ఒకటో తారీకు. పద్ధతి ప్రకారం రత్నానికీ ఫోను చేసి జీతం అడిగాను. ముప్పై రెండు వేలేనని, బ్యాంకు అప్పులో మొదటి పెద్ద వాయిదా కట్టానని చెప్పింది. నేను రాసుకుంటుంటే, "మరి మీకెంత మాస్టారూ?" అని అడిగింది.

నా పట్టికలో ఆ గడి లేదు. అయినా పదమూడు వేలని చెప్పాను. కాలేజీ కాగితాల్లో మాత్రం నలభై వేలని చూపిస్తారని కూడా చెప్పాను.

"మండీలో నా కుర్చీ కాళీ అయినప్పుడు మీరే చేరిపోవాల్సింది కదా మాస్టారూ. వెయ్యి ఎక్కువొచ్చేది."

"దానికి పైనుంచి దిగేవాడు కావాలన్నావు కదమ్మా" అని, ఆమె పేరు ఎదుట ముప్పై రెండు వేలు వేసుకుని, తర్వాతి నంబరు నొక్కాను.